జమ్ముగడ్డిలో దారి

మా పక్క ఫ్లాటు సాకేత్ మంచి కుర్రాడే, నోరే ఊరుకోదు. ఈమధ్య డిజిటల్ కెమెరా కొన్నాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఎక్కడెక్కడి పిట్టల్నో రెండొందల ఫోటోలు తీసుకొచ్చి నా ముందు లాప్‌టాప్ తెరుస్తాడు. మొన్న మా హాల్లో గోడకున్న కొంగ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. "అంకుల్, సారస్ నెస్ట్ చుట్టూ గడ్డి ఉంటుంది కదా, మీకింత క్లియర్ వ్యూ ఎలా దొరికింది? క్యా లక్ హై యార్" అన్నాడు. అదృష్టమట. నాకు ఒళ్లు మండిపోయింది. పనేం లేదా, పోయి చదువుకో అని కసిరాను. గుర్గావ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఇరవై ఆరేళ్లవాణ్ణి పట్టుకుని పోయి చదువుకోమన్నానంటే నా తల ఎంత తిరిగిందో చూసుకోండి.

వాడు మొహం ముడుచుకుని వెళ్లాక మా ఆవిడ వాసవి తలుపేసి వచ్చింది. ఏడేళ్లుగా ఆ ఫోటో సంగతి ఎవరడిగినా ఇలాగే మీద పడుతున్నారు, ఒక్కసారి చెప్పేస్తే పీడా పోతుంది కదా అంది. అది పోయే పీడ కాదని ఆవిడకీ తెలుసు. సాకేత్‌కు తెలుగు అర్థమవుతుంది గాని చదవడం రాదు. కనుక వాడికి నోటితోనే చెప్పాలి. ముందు కాయితం మీద పెట్టుకుంటే నోరు పెగులుతుందేమోనని ఇది రాస్తున్నాను.

నా పేరు సదాశివరావు. తెనాలి వాణ్ణి. రెండువేల రెండులో అశోకా రోడ్డుకు దగ్గర్లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసర్ని. కోపం ముక్కు మీద ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది. పిట్టల ఫోటోలు తీయడం ఒక్కటే నాకున్న వ్యసనం. చాందినీ చౌక్ సందుల్లో సెకండ్ హ్యాండ్ లెన్సు ఒకటి కొన్నాను, బెండకాయలు తరగడానికి కూర్చున్నా దాన్ని పక్కనే పెట్టుకునేవాణ్ణని వాసవి ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. కెమెరా ఉంది, లెన్సు ఉంది. కళ్లు మాత్రం నావి కావు. ఆ కళ్లు ధర్మయ్యవి.

ధర్మయ్య మా సెక్షన్‌లో ప్యూను. పాలమూరు మనిషి. ఢిల్లీ వచ్చి ముప్పై ఏళ్లయినా అతని మాట మాత్రం ఊరు దాటి రాలేదు. ఒకరోజు ఫైలు తెచ్చి బల్ల మీద పెడుతూ, కిటికీ బయట చెట్టు మీద గుడ్లగూబ ఉందని చెప్పాడు. పావుగంట చూశాను, నాకు చెట్టే కనబడింది గాని గుడ్లగూబ కనబడలేదు. చివరికి నా తల రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూపించాడు. సెక్షన్ మొత్తం నవ్వింది. ఇంకెవరైనా నా తల ముట్టుకుంటే మెమో ఇచ్చేవాణ్ణే.

ఆనాటి నుంచి ఆదివారాలు మావి. అతను మోతీబాగ్ క్వార్టర్ల నుంచి మొదటి బస్సెక్కి నోయిడా మోడ్ దగ్గర దిగేవాడు, నేను ఇందిరాపురం నుంచి స్కూటర్ మీద వెళ్లి ఎక్కించుకునేవాణ్ణి. ఆఫీసులో ధర్మయ్యా నీళ్లు, ధర్మయ్యా ఫైలు అని కేకలు పెట్టే నేను చెరువు గట్టు మీద అతను కూసోండ్రి అంటే కూర్చునేవాణ్ణి, కదలకుండ్రి అంటే ఊపిరి బిగబట్టేవాణ్ణి. అతను కెమెరా ఒక్కసారి కూడా అడగలేదు. చూడటమే అతని పని. తిరుగు దారిలో అశోకా రోడ్డులోని మన తెలుగువాళ్ల క్యాంటీన్‌లో గోంగూర, కందిపొడి వేసుకుని భోంచేసి, అక్కడే విడిపోయేవాళ్లం. ఢిల్లీలో నాకు స్నేహితుడంటే అతనొక్కడే. ఆ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడాది వానలు ఎగ్గొట్టాయి. జూలై అంతా ఎండలే. దాద్రీ వైపు కాలవ ఊట పట్టుకుని ఒక్క చెరువు మాత్రం మిగిలింది, దాని నిండా నిలువెత్తు జమ్ముగడ్డి. ఆగస్టు పద్దెనిమిదో తారీకు, ఆదివారం, ఆ జమ్ము మధ్యలో ధర్మయ్య సారస కొంగల గూడు కనిపెట్టాడు. మనిషంత ఎత్తు పక్షులు, బూడిద రంగు ఒళ్లు, ఎర్రటి తల. మన వైపు అవి కనబడవు. రెండూ ఒకదాని తరవాత ఒకటి గూటి మీద కూర్చుంటున్నాయి. మారేటప్పుడు దూరదర్శినిలో రెండు గుడ్లు కనిపించాయి.

ధర్మయ్య సెప్టెంబరు ముప్పైన రిటైరవుతున్నాడు. ఆ మర్నాడే భార్యతో కలిసి ఊరికి వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాడు. గుడ్లు నెలరోజులకు పగులుతాయని నేను పుస్తకంలో చూసి చెప్పాను. అతను వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు, మొహం వెలిగింది. ముప్పై ఏళ్లు ఈ పట్నంలో చాయ్‌లు మోసినా, తనకంటూ ఏదీ కావాలనుకోలేదని, పోయేలోపల ఆ పిల్ల తల్లి వెనకాల నీళ్లలో నడవడం ఒక్కటి చూస్తే చాలని అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాని ఆ తరవాత ఆఫీసులో రోజూ నా గదిలోకి నీళ్లు తెచ్చినప్పుడల్లా, ఇంక ఇన్ని దినాలు సార్ అని చెప్పి పోయేవాడు.

సెప్టెంబరు మొదటి వారంలో అతనికి ఊరి నుంచి కబురొచ్చింది. ఇంటి పైకప్పు సరిచేయించుకోకపోతే వెళ్లి ఎక్కడ ఉంటారని. రెండు వారాలు సెలవు పెట్టి రైలెక్కాడు. వెళ్లే ముందు స్టేషన్‌కు పోతూ పోతూ ఆఫీసుకొచ్చి, సంచీ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్లు ఎండుతున్నయ్ సార్. ఇగ దానికి ఆ జమ్మే గోడ. నేనొచ్చెదాంక జర పైలంగ చూడుండ్రి" అన్నాడు.

నువ్వు నిశ్చింతగా వెళ్లిరా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

ఇక నా సంగతి. ఒక పత్రికవాళ్లు పెట్టిన వన్యప్రాణుల ఫోటోల పోటీకి ఇరవయ్యో తారీకు ఆఖరు. అంతకు ముందు రెండేళ్లూ పంపాను, రెండేళ్లూ బుట్టదాఖలయ్యాయి. ఈసారి గూటి మీద సారస కొంగ నాకు తప్ప ఎవరికీ లేదు. కాని గట్టు మీద నుంచి తీసిన ప్రతి ఫోటోలోనూ జమ్ము అడ్డం. గాలికి ఊగుతుంది, సరిగ్గా గుడ్ల ముందుకే వచ్చి పడుతుంది. ఎనిమిదో తారీకున ఒక రోలంతా తీశాను. ముప్పై ఆరు స్లయిడ్లలోనూ పచ్చటి మసక, దాని వెనక ఎక్కడో ఎర్రటి తల. కడిగించి తెచ్చి బల్ల దీపానికి ఎదురుగా పట్టి చూసుకుంటే ఏడుపొకటే తక్కువ.

పద్నాలుగో తారీకు శనివారం, మాకు సెలవు. ఒక్కణ్ణే వెళ్లాను. ధర్మయ్య ఉంటే వెళ్లేవాణ్ణి కాదు. గట్టు కింద ఒక ముసలాయన గేదెలకు గడ్డి కోసుకుంటున్నాడు. బాబా, ఒక్క నిమిషం హసియా ఇస్తావా అని కొడవలి అడిగాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు, ఇచ్చేశాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగాను. ఆగస్టులో మొలలోతు ఉన్న నీళ్లు పిక్కల దాకా కూడా లేవు. అది చూసైనా నాకు బుద్ధి రావలసింది.

గూడు జోలికి పోలేదు. అంత దుర్మార్గుణ్ణి కాదని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. గట్టు దగ్గర నుంచి గూటికి పదడుగుల దూరం దాకా, రెండు బారల వెడల్పున, జమ్ము కోసుకుంటూ పోయాను. పక్షులు రెండూ లేచి రెక్కలు విప్పి అరిచాయి. ఆ అరుపు మైలు దూరం వినిపిస్తుంది. ఇదిగో అయిపోయింది, ఇదిగో వెళ్లిపోతున్నా అని వాటితో తెలుగులో మాట్లాడుతూనే కోశాను. కోసినదంతా పక్కకు తోసి, గట్టెక్కి, ముసలాయన కొడవలి ఆయనకిచ్చి, గోనెగుడ్డ కప్పుకుని కూర్చున్నాను.

గంటన్నరకు పక్షి గూటికొచ్చింది. ఎండ వెనక నుంచి సమంగా పడుతోంది. ఒక్క ఆకు కూడా అడ్డం లేదు. అది కూర్చోలేదు. నిలబడి, అంత పొడుగు మెడ వంచి, ముక్కుతో ఒక గుడ్డును మెల్లిగా తిప్పింది. తిప్పి, తల పక్కకు వాల్చి అలాగే ఉండిపోయింది. గుడ్డు మీద సన్నటి పగులు. లోపలి నుంచి పిల్ల పిలుస్తోంది, తల్లి వింటోంది. పదకొండు ఫోటోలు తీశాను. అందులో ఒకటి మా గోడ మీద ఉన్నది. నా జన్మలో అంతకంటే మంచి ఫోటో తీయలేదు. ఇక తీయను కూడా.

ఇంటికి వెళ్తూ దారిలో స్కూటర్ ఆపి జిలేబీ కొన్నాను. వాసవి ఏం విశేషమని అడిగితే, రేపటికల్లా పిల్ల బయటికొస్తుందని, ధర్మయ్య వచ్చేసరికి నడుస్తుంటుందని చెప్పాను.

ఆదివారం తెల్లవారగానే వెళ్లాను. గట్టెక్కక ముందే తెలిసిపోయింది. రెండు పక్షులూ గూటికి దూరంగా, ఎండిన బురదలో నిలబడి ఉన్నాయి. అరవడం లేదు. గూడు ఖాళీ. గుడ్డు పెంకు ముక్కలు నేను కోసిన దారిలో పడి ఉన్నాయి, గట్టుకు దగ్గరగా. బురద నిండా కుక్కల అడుగులు. ఇటూ అటూ ఎక్కడా లేవు, ఆ దారిలోనే ఉన్నాయి. చెరువు చుట్టూ ఎక్కడా కుక్క దూరేందుకు సందు లేదు. సందు చేసింది నేను. కెమెరాకు దారి వేశాననుకున్నాను గాని, ఆ దారి కుక్కలకూ పనికొస్తుందని నా బుర్రకు తట్టలేదు. గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఎవరికోసం ఏడ్చానో చెప్పమంటే చెప్పలేను. పక్షుల కోసమని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఇంత జరిగాక స్లయిడు పోటీకి పంపావా అంటారేమో. పంపాను. పద్దెనిమిదో తారీకున పోస్టు చేశాను. పోయింది ఎలాగూ పోయింది, ఫోటో అయినా మిగలనీ అనుకున్నాను.

ఇరవై ఒకటిన ధర్మయ్య తిరిగొచ్చాడు. స్టేషన్ నుంచే ఫోన్ చేశాడు. పిల్లలెన్ని సార్, రెండూ లేచినయా అన్నాడు. కుక్కలు తినేశాయని చెప్పాను. కుక్కలెట్ల పోయినయ్, జమ్ముండె గద అన్నాడు. ఊళ్లోవాళ్లు గేదెల కోసం గడ్డి కోశారని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

మర్నాడు ఆదివారం, చూస్తానంటే తీసుకెళ్లక తప్పలేదు. ఆ ముసలాయన కనబడి హసియా సంగతి ఎత్తుతాడేమోనని స్కూటర్ అవతలి గట్టుకు తిప్పాను. అక్కడి నుంచి ఖాళీ గూడు, కూలిన జమ్ము దూరంగా కనిపిస్తాయి, అంతే. అప్పటికే మోళ్ల నుంచి కొత్త ఆకు జానెడు లేచింది. ఊళ్లోవాళ్లను నాలుగు తిట్టాను కూడా, బుద్ధిలేని మనుషులని. ధర్మయ్య నా చేయి పట్టుకుని ఆపాడు. వాళ్లదేం తప్పుంది సార్, బర్లకు మేత కావాలె గద, వాళ్లకు తెల్వదు అన్నాడు. ఆ రోజు క్యాంటీన్‌లో అతను అన్నం కలుపుకుని తినలేకపోయాడు. నేను తిన్నాను.

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా ఒక పద్ధతి ఉంది. దండ, శాలువా, సమోసా, గులాబ్‌జామూన్, ఒక గోడ గడియారం. ఆ తరవాత స్టాఫ్ కారులో నలుగురు కలిసి ఇంటిదాకా దింపి రావాలి. ముప్పై ఏళ్లు ఆ కారు తలుపులు తీసినవాడు ఆ ఒక్కరోజు వెనక సీట్లో కూర్చుంటాడు. ధర్మయ్యకు గడియారం కాకుండా మంచిదేదైనా ఇద్దామని మా అండర్ సెక్రటరీ రామమూర్తి గారు పట్టుబట్టారు. ఆయనా తెలుగువారే, ఆదివారాల సంగతి తెలిసినవారు. కొంగ స్లయిడు ఇంకోటి ఉంటే ఇవ్వవయ్యా, పెద్దది చేయించి ఫ్రేము కట్టిద్దాం, తను కనిపెట్టిన పక్షి కదా అన్నారు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. నిజం చెప్పాలంటే అంత పెద్దగా నా ఫోటో చూసుకోవాలని కూడా ఉంది. ఇచ్చాను.

ముప్పయ్యో తారీకు సాయంత్రం రంగు కాయితం విప్పి అందరికీ చూపించారు. చప్పట్లు మోగాయి. అగ్గిపెట్టెంత స్లయిడ్లో ఇంతకాలం నేను పక్షినే చూశాను. మూడడుగుల ఫోటోలో కింది అంచు పొడుగునా కోసిన జమ్ము మోళ్లు, ఏటవాలుగా, కొత్తగా, తెల్లగా. మోళ్ల వరస సరాసరి చూసేవాడి కాళ్ల దగ్గరికి వస్తోంది. సెక్షన్‌లో ఇంకెవరికీ అవి కనబడవని తెలుసు. కనబడవలసిన కళ్లకు కనబడతాయనీ తెలుసు.

ధర్మయ్య రెండు చేతులా అందుకున్నాడు. చాలా బాగుందని, అందరికీ దండమని చెప్పాడు. కారులో దండ మెడలోనే ఉంచుకుని, ఫ్రేము ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ముందు సీట్లో రామమూర్తి గారు ఏవో పాత కబుర్లు చెబుతున్నారు. చాణక్యపురి దాటేదాకా ధర్మయ్య ఆ ఫోటో చూస్తూనే ఉన్నాడు. ఆ తరవాత దాన్ని బోర్లా తిప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

క్వార్టర్‌లో సామాను అంతా మూటలు కట్టి ఉంది. అతని భార్య లడ్డూలు, చాయ్ ఇచ్చింది. నాకు మాత్రం ధర్మయ్యే స్వయంగా గ్లాసు తెచ్చి ఇచ్చాడు, చక్కెర తక్కువ వేయించి, ఎప్పటిలాగే. మిగతావాళ్లు కారు వైపు నడిచాక మెట్ల దగ్గర నన్ను ఆపాడు. ఫ్రేము అతని చంకలో ఉంది.

"ఈ ఫోటో ఏ దినం తీసిన్రు సార్?"

"పద్నాలుగున. శనివారం."

"బర్లకు కోసెటోళ్లు ఒడ్డుపొంటి కోస్తరు సార్. గిట్ల నడుమల్లకు తిన్నగ కొయ్యరు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? క్షమించమని అడగవలసింది. అడగలేదు. సెక్షన్ ఆఫీసర్ని కదా.

అతను ఫ్రేము నా చేతుల్లో పెట్టాడు. "మీ కాడనే ఉండనియ్యుండ్రి. నాకు కొంగ కనబడ్తలేదు, ఆ తొవ్వ ఒక్కటే కనబడ్తుంది" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ తిరిగి కోప్పడేవాణ్ణి, అది నాకు బాగా వచ్చు. మెల్లిగా అని, దండం పెట్టి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. కారులో ఆ ఫోటో నా దగ్గరెందుకుందని రామమూర్తి గారు అడిగితే, రైల్లో అద్దం పగులుతుందని నన్నే దాచమన్నాడని చెప్పాను. అదింకో అబద్ధం.

డిసెంబరులో పోటీవాళ్ల దగ్గర నుంచి, పైన మూడో బహుమతి అని ముద్ర వేసిన కవరు వచ్చింది. ఇంకా విప్పలేదు. ఫ్రేము మాత్రం హాల్లో తగిలించాను. వాసవి వద్దంది. తగిలించాలి, రోజూ చూడాలి అన్నాను.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. ఆగస్టులో ఆ చెరువుకు వెళ్లాను, కెమెరా ఇంట్లో పెట్టి, దూరదర్శిని ఒక్కటే తీసుకుని. కొంగలు మళ్లీ వచ్చాయి, ఈసారి చెరువు నట్టనడుమ గూడు కట్టుకున్నాయి. అవతలి గట్టు దిగకుండా ఆరు ఆదివారాలు చూశాను. ధర్మయ్య పక్కన లేడు కనుక నాకు సగం కనబడనే లేదు. సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున తల్లి వెనకాల పిడికెడంత గోధుమరంగు పిల్ల నీళ్లలో నడుచుకుంటూ జమ్ములోంచి బయటికొచ్చింది. రెండడుగులు వేసింది, మునిగింది, లేచింది, మళ్లీ నడిచింది.

ఇంటికొచ్చి ఆ పూటే ధర్మయ్యకు ఉత్తరం రాశాను. పిల్ల ఎలా నడిచిందో, తల్లి ఎలా ఆగి ఆగి చూసుకుందో, రెండు పేజీలు. చివర క్షమించమని కూడా రాశాను, ఏడాది ఆలస్యంగా. ఇరవై రోజులకు పోస్టుకార్డు వచ్చింది. అతని అక్షరాలే, వంకరటింకరగా. నా క్షమాపణ గురించి ఏమీ లేదు. సంతోషమని ఒక ముక్క. దాని కింద ఇంకొక్క ముక్క.

"ఎంత దూరం కెల్లి చూసిన్రు సార్?"

అవతలి గట్టు మీద నుంచి, కెమెరా లేకుండా, ఒక్క ఆకు కూడా ముట్టుకోకుండా చూశానని వెంటనే జవాబు రాశాను. అది నిజం. కాని నా మాట అతను నమ్మడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. ఆ తరవాత రాసిన మూడింటికీ రాలేదు.